కోర్సు పూర్తయింది, పని వచ్చిందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒకటే: ఆఫీసుల్లో ఆన్‌లైన్ శిక్షణ. పాఠాలు తయారుచేసేవాళ్లూ రాశారు, వాటిని చదవలేక సతమతమయ్యేవాళ్లూ రాశారు. ఉద్యోగ జీవితమంతా శిక్షణ విభాగాల్లోనే గడిపినదాన్ని కాబట్టి ఈ ఉత్తరాలు నాకు చాలా దగ్గరగా అనిపించాయి. పేజీ మొత్తం వీటికే ఇస్తున్నాను.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. కస్టమర్ల ఫిర్యాదులు నమోదు చేయడానికి మా సంస్థలో కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. దానిమీద గంటన్నర ఆన్‌లైన్ కోర్సు తయారుచేయించాం. అందరూ గడువులోగా పూర్తిచేశారు. చివరి క్విజ్‌లో అందరికీ మంచి మార్కులే వచ్చాయి. రెండు నెలలు తిరక్కుండానే మళ్లీ పాత తప్పులే. కోర్సు ఇంకోసారి చేయించమని పైవాళ్లు అంటున్నారు. చేయించమంటారా?
— ఒక శిక్షణాధికారి

వద్దండీ. అదే కోర్సు మళ్లీ చేయిస్తే వాళ్ల సమయం పోతుంది, మీ విభాగం మీద ఉన్న నమ్మకమూ పోతుంది.

ముందు ఆ తప్పులు ఎవరు చేస్తున్నారో, ఏ స్క్రీన్ దగ్గర చేస్తున్నారో చూడండి. తప్పుగా నమోదైన ఫిర్యాదులు ఓ ముప్ఫై నలభై తీసి ముందేసుకోండి. మీ దగ్గర అందరికన్నా బాగా పనిచేసే మనిషి కూడా అక్కడే పొరబడుతుంటే లోపం ఆ ఫారంలోనే ఉందన్నమాట. ‘డెలివరీ సమస్య’, ‘రవాణా సమస్య’ అని రెండు ఆప్షన్లు పక్కపక్కనే ఉంటే ఎవరైనా తికమకపడతారు. ఆ జాబితా సరిచేయమని సాఫ్ట్‌వేర్ వాళ్లకి చెప్పాలి తప్ప దానికి ఎన్ని కోర్సులు పెట్టినా లాభం లేదు. శిక్షణ విభాగం నెత్తిన పడే సమస్యల్లో శిక్షణతో తీరనివి చాలా ఉంటాయి. ఆ మాట పైవాళ్లకి చెప్పగలగడం కూడా మన ఉద్యోగంలో భాగమేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఫారంలో లోపం లేదని తేలితే, కోర్సు చేస్తున్నవాళ్లలో ఒకరి పక్కన కూర్చుని ఏమీ మాట్లాడకుండా చూడండి. నేను అలా కూర్చున్న చోటల్లా కనిపించేది దాదాపు ఒకటే. వీడియో ఒక ట్యాబ్‌లో, మ్యూట్‌లో నడుస్తుంటుంది. మనిషి ఇంకో ట్యాబ్‌లో ఆ రోజు పని చేసుకుంటుంటారు. ‘నెక్స్ట్’ బటన్ వెలగగానే ఇటు వచ్చి ఒక నొక్కు నొక్కి మళ్లీ అటు వెళ్లిపోతారు. వాళ్లని తప్పుపట్టకండి. మనం వాళ్లని అడిగింది నొక్కమనే, వాళ్లు నొక్కుతున్నారు. ఆఖరి స్లయిడ్ అవగానే క్విజ్ వస్తుంది. అప్పుడే చూసింది కాబట్టి గుర్తుంటుంది. ఆ మార్కులు ఆ పది నిమిషాల జ్ఞాపకానికి వచ్చినవి, రెండు నెలల తర్వాత చేయాల్సిన పనికి కావు.

దీనిమీద 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం ఒకటి ఉంది. విద్యార్థులకి చిన్న గద్యభాగాలు చదవడానికి ఇచ్చారు. కొన్నింటిని మళ్లీ చదివించారు. కొన్నింటిని చూడకుండా గుర్తున్నంతా రాయించారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవే ఎక్కువ గుర్తున్నాయి: 81 శాతం, రాయించినవి 75 శాతం. వారం తర్వాత పెడితే లెక్క తారుమారైంది. మళ్లీ చదివినవి 42 శాతానికి పడిపోయాయి, చూడకుండా రాసినవి 56 శాతం దగ్గర నిలబడ్డాయి. మీ గంటన్నర కోర్సు మొత్తం ‘చూడటం’. తమ బుర్రలోంచి బయటికి తీసే పని వాళ్లకి ఒక్కచోటైనా పెట్టారా?

ఇప్పుడు మీ క్విజ్ సంగతి. ‘ఫిర్యాదు నమోదులో ఎన్ని దశలు ఉంటాయి?’ లాంటి ప్రశ్నలు ఉండే ఉంటాయి. ఆ ప్రశ్న ఏ కస్టమరూ అడగడు. దాన్ని తీసేసి ఇలా పెట్టి చూడండి:

‘కస్టమర్ ఫోన్ చేశారు. వస్తువు అందింది, పెట్టె నలిగి ఉంది, లోపల వస్తువు బాగానే పనిచేస్తోంది. అయినా డబ్బు వెనక్కి కావాలంటున్నారు. ఏ విభాగం కింద నమోదు చేస్తారు? తర్వాతి స్క్రీన్‌లో ఏ గడి ఖాళీగా వదలకూడదు?’

ఎంచుకోవడానికి నాలుగు జవాబులిస్తే వాటిలోని మూడు తప్పు జవాబులూ మీరు ఇందాక ముందేసుకున్న ఫిర్యాదుల్లోంచే రావాలి, అంటే మీవాళ్లు నిజంగా చేసిన తప్పులే అక్కడ కనిపించాలి. తప్పు జవాబు నొక్కినవాళ్లకి ఎర్ర గుర్తు చూపించి వదిలేయకండి. ‘ఇలా నమోదు చేస్తే ఫిర్యాదు గోడౌన్ వాళ్లకి వెళ్తుంది. వాళ్లు తిప్పి పంపేసరికి కస్టమర్ మళ్లీ ఫోన్ చేస్తారు’ అని ఏం జరుగుతుందో చెప్పండి. తన తప్పు వల్ల ఎవరికి ఇబ్బంది అవుతుందో తెలిసిన మనిషి మర్చిపోవడం తక్కువ.

గంటన్నర కోర్సుని కూడా విడగొట్టండి. ఒక్కసారే కుండపోతగా కురిస్తే నేల ఎంతని తాగుతుంది? మొదటి రోజు ఇరవై నిమిషాలు నేర్పండి. తర్వాత మూడో రోజున, పదో రోజున, ఆపైన నెలకోసారి ఇలాంటి సందర్భాలు రెండేసి మెయిల్‌లో పంపండి. జవాబు చెప్పడానికి మూడు నిమిషాలు చాలు. ఈ ఎడం ఎంత ఉండాలన్నది మీరు ఎంతకాలం గుర్తుండాలని కోరుకుంటున్నారో దాన్నిబట్టి ఉంటుంది. సెపెడా అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 1,350 మందికి పైగా మనుషులతో చేసి 2008లో ప్రచురించిన పరిశోధనలో, వారం రోజులు గుర్తుండాలంటే ఒకటి రెండు రోజుల ఎడం, ఏడాది గుర్తుండాలంటే సుమారు మూడు వారాల ఎడం బాగా పనిచేసింది. మీ సాఫ్ట్‌వేర్ ఏడాదంతా వాడేదే కదా. ఆ లెక్కన నెలకోసారి గుర్తుచేయడం ఏమీ ఎక్కువ కాదు.

ప్రశ్న: మేడమ్, మా ఆఫీసులో వరసగా కోర్సులు కేటాయిస్తున్నారు. పని వేళల్లో తీరిక దొరకదు. ‘ఇవాళ రాత్రికల్లా అయిపోవాలి’ అని టీమ్ లీడ్ మెసేజ్ పెడతారు. ఇంట్లో పిల్లలు పడుకున్నాక ల్యాప్‌టాప్ తెరుస్తాను. ఏం చూశానో మర్నాడు గుర్తుండదు. నేర్చుకోవాలని నాకూ ఉంది. ఏం చేయమంటారు?
— ఒక ఉద్యోగిని

మీ ఉత్తరం చదివి చాలా బాధపడ్డానమ్మా. నేర్చుకోవాలని ఉన్న మనిషికి నేర్చుకునే వ్యవధి లేకుండా చేయడం ఏ సంస్థకైనా నష్టమే. ఉద్యోగం కోసం ఇచ్చే శిక్షణ ఉద్యోగ సమయంలోనే జరగాలి. ఇది దయతో ఇచ్చే వెసులుబాటు కాదు.

మీ చేతిలో ఉన్నది ఒకటి చెప్తాను. ‘టైం లేదు’ అని చెప్పకండి, ఆ మాట అందరూ అంటారు కాబట్టి ఎవరి చెవికీ ఎక్కదు. ‘గురువారం పదకొండు నుంచి పదకొండున్నర దాకా ఈ కోర్సు పెట్టుకుంటున్నాను. ఆ సమయంలో వచ్చే కాల్స్ ఎవరికి మళ్లించమంటారు?’ అని అడగండి. క్యాలెండర్‌లో కూడా ఆ అరగంట కనిపించేలా పెట్టండి. తేదీ, గంట, పని అందరి ముందూ ఉన్నప్పుడు ‘రాత్రికి చేసుకో’ అనడం ఎవరికైనా కాస్త కష్టం. ఒంటరిగా అడగడానికి జంకు ఉంటే మీ టీమ్‌లో ఇద్దరు ముగ్గురు కలిసి అడగండి.

కోర్సులన్నిటికీ ఒకే శ్రద్ధ అక్కర్లేదని కూడా చెప్పాలి. భద్రత, కస్టమర్ల సమాచార గోప్యత, మీ రోజువారీ పనికి నేరుగా తగిలేవి మనసు పెట్టి చేయండి. అలాంటివి చేసేటప్పుడు నోట్సు వీడియో నడుస్తుండగా రాయకండి. వీడియో ఆపేసి, చూడకుండా, ఏం అర్థమైందో నాలుగు ముక్కలు రాయండి. పై జవాబులో చెప్పిన ప్రయోగం మీకూ వర్తిస్తుంది.

ఈ పేజీ చదివే టీమ్ లీడ్‌లకి, మేనేజర్లకి కూడా ఒక విన్నపం. శిక్షణ ఎందుకు పనిలోకి రాదో పరిశీలిస్తూ బాల్డ్విన్, ఫోర్డ్ అనే పరిశోధకులు 1988లోనే మూడు సంగతులు చెప్పారు: నేర్చుకునే మనిషి, శిక్షణ తయారైన తీరు, తిరిగి వెళ్లి కూర్చునే పనిచోటు. మొదటి రెండింటి మీదే డబ్బంతా ఖర్చవుతుంది. మూడోది మీ చేతిలో ఉంది, దానికి రూపాయి ఖర్చు లేదు. కోర్సుకి ముందు ‘దీంట్లోంచి మనకి ఏం కావాలి?’ అని అడగండి. అయ్యాక వారంలోపు ‘అది ఎక్కడ వాడి చూశావు?’ అని అడగండి. రిమైండర్ మెయిళ్లు ఎన్ని పంపినా ఈ రెండు ప్రశ్నలు చేసే పని చేయలేవు.

ప్రశ్న: జూమ్‌లో శిక్షణ ఇస్తుంటాను. నలభై మంది ఉంటారు, అన్ని కెమెరాలూ ఆఫ్. ‘అర్థమైందా?’ అంటే నిశ్శబ్దం. గోడతో మాట్లాడుతున్నట్టు ఉంటోంది. కెమెరాలు తప్పనిసరి చేయాలా?
— ఒక ట్రైనర్

తప్పనిసరి చేయకండి. కెమెరా ఆన్ చేయిస్తే మీకు ముఖాలు కనబడతాయి, అంతే. ఇంట్లో వెనకాల ఎవరు తిరుగుతారోనన్న బెంగతో సగం మంది మనసు పాఠం మీద ఉండదు. నెట్ నెమ్మదిగా ఉన్నవాళ్లకి మాట కూడా తెగిపోతుంది.

‘అర్థమైందా?’ అన్న ప్రశ్నని మానేయండి. నలభై మందిలో అర్థం కాలేదని చెప్పే ధైర్యం ఎవరికి ఉంటుంది? దాని బదులు ప్రతి ఏడెనిమిది నిమిషాలకీ అందరూ ఏదో ఒకటి చేయాల్సి వచ్చేలా చూడండి. నాకు బాగా పనికొచ్చిన పద్ధతి ఇది: ఒక ప్రశ్న వేసి, ‘జవాబు చాట్‌లో టైప్ చేయండి, కానీ నేను చెప్పేదాకా పంపకండి’ అంటాను. ఒక నిమిషం ఆగుతాను. ఆ నిమిషంలో నేను ఒక్క మాటా మాట్లాడను. తర్వాత ‘ఇప్పుడు పంపండి’ అంటాను. నలభై జవాబులు ఒకేసారి పడతాయి. ముందు ఎవరో చెప్పింది చూసి మిగతావాళ్లు దాన్నే రాసే అవకాశం ఉండదు. వాటిని చదువుతుంటే ఎక్కడ దారి తప్పారో నాకు ఇట్టే తెలుస్తుంది. తప్పు జవాబుల్లోంచి ఒకటి తీసుకుని, పేరు చెప్పకుండా, ‘ఇలా అనుకోవడానికి కారణం ఏమై ఉంటుంది?’ అని అడిగితే అసలు చర్చ అక్కడ మొదలవుతుంది.

చిన్న గుంపులుగా విడగొట్టి పంపే బ్రేకౌట్ రూమ్‌లో ముగ్గురికి మించి వేయకండి. అయిదుగురు ఉంటే ఇద్దరు మాట్లాడతారు, ముగ్గురు వింటారు. ‘చర్చించండి’ అని పంపితే ముందు పరిచయాలతోనే సమయం అయిపోతుంది. ‘ఈ మెయిల్‌కి మూడు వాక్యాల్లో జవాబు రాసుకురండి, ఆరు నిమిషాలు’ అని పంపండి. చాట్ చూసుకోవడానికి, ఆడియో రానివాళ్లకి సాయం చేయడానికి పక్కన ఇంకొకరు ఉంటే మీరు పాఠం మీద ఉండగలుగుతారు. నలభై మందికి ఒక్కరే అన్నీ చూసుకోవడం మీకూ భారమే, వాళ్లకీ అన్యాయమే.

స్లయిడ్ మీద ఉన్న వాక్యాలనే మీరు చదువుతున్నారా? అలవాటు ఉంటే మానుకోండి. రిచర్డ్ మేయర్ అనే విద్యా మనస్తత్వవేత్త దశాబ్దాలపాటు చేసిన ప్రయోగాల్లో తేలిందేమిటంటే, బొమ్మకి తోడుగా మాట వినిపించడం మంచిది గానీ అదే మాట అక్షరాలా తెర మీద కూడా ఉంటే నేర్చుకునేవాళ్లకి అడ్డం. వినికిడి ఇబ్బంది ఉన్నవాళ్లకీ, పాఠం తమ మాతృభాషలో లేనివాళ్లకీ మాత్రం క్యాప్షన్లు ఉండాలి. కావలసినవాళ్లు ఆన్ చేసుకునేలా పెట్టండి.

ప్రశ్న: శిక్షణ వీడియో ఎన్ని నిమిషాలు ఉండాలి? ‘ఆరు నిమిషాలు దాటకూడదు’ అంటారు, నిజమేనా?

ఆ అంకె ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదికలోని కోర్సుల మీద ఫిలిప్ గువో బృందం 2014లో చేసిన అధ్యయనంలోంచి వచ్చింది. 69 లక్షల వీక్షణలు పరిశీలించారు. వీడియో ఎంత పొడుగున్నా సగటు చూపరి అందులో ఉండేది ఆరు నిమిషాల లోపే అని తేలింది. అయితే వాళ్లు ఎంతసేపు చూశారన్నదే అక్కడ లెక్క, ఎంత నేర్చుకున్నారన్నది కాదు. నిమిషాలు లెక్కపెట్టడం కన్నా ఒక వీడియోకి ఒకే పని అనే నియమం పెట్టుకోండి. ‘బిల్లు రద్దు చేయడం ఎలా’ అన్నది మూడు నిమిషాల్లో అయిపోతే మూడు నిమిషాలే. శీర్షిక కూడా అదే పెట్టండి. పని మధ్యలో ఆగిపోయిన మనిషి వెతికితే దొరకాలి. ‘మాడ్యూల్ 4, భాగం 2’ అని పెడితే ఎవరికి దొరుకుతుంది?

ప్రశ్న: అమ్మా, నాకు యాభై ఆరేళ్లు. అకౌంట్స్‌లో పనిచేస్తాను. రిజిస్టర్ల రోజుల నుంచీ ఉన్నాను. ఇప్పుడు అంతా కొత్త సాఫ్ట్‌వేర్, శిక్షణ అంతా వీడియోలే. పక్కన కుర్రవాళ్లు టకటకా చేసేస్తుంటే నాకు చెయ్యి ఆడదు. పదిసార్లు అడిగితే నవ్వుతారేమోనని ఊరుకుంటున్నాను. ఈ వయసులో నాకు వస్తుందా?

వస్తుంది అన్నయ్యగారూ. నేను ఊరడింపుకి చెప్పడం లేదు. అకౌంట్స్ తెలియని కుర్రవాడు రెండు నేర్చుకోవాలి: లెక్క ఒకటి, స్క్రీన్ ఒకటి. మీకు లెక్క వచ్చు. జాన్ స్వెల్లర్ అనే విద్యా మనస్తత్వవేత్త 1988 నుంచి చెబుతూ వచ్చిన సంగతి ఇదే. మన బుర్ర ఒకేసారి పట్టుకోగల కొత్త సంగతులు చాలా తక్కువ, ముందే తెలిసినవి ఉంటే ఆ మేరకు బరువు తగ్గుతుంది. మీకు బరువు సగమే.

మీకు భయం వేసేది తప్పు నొక్కితే ఏమవుతుందోనని. అందుకని ముందు ఐటీ వాళ్లని ‘ట్రైనింగ్ లాగిన్ ఉందా?’ అని అడగండి. అసలు లెక్కలకి సంబంధం లేని ఉత్తుత్తి ఖాతాలతో చాలా సాఫ్ట్‌వేర్లకి అలాంటిది ఉంటుంది. అందులో ఏం నొక్కినా ఎవరికీ నష్టం లేదు. కావాలనే తప్పు ఎంట్రీ వేసి, దాన్ని సరిదిద్దడం అభ్యాసం చేయండి. తప్పుని వెనక్కి తీసుకోవడం వచ్చిన రోజున చెయ్యి ఆడటం మొదలవుతుంది.

పక్కన కుర్రవాళ్లలో ఓపిక ఉన్న ఒక్కరిని ఎంచుకుని, రోజూ పావుగంట ఇమ్మని అడగండి. ఒక్క షరతు పెట్టండి: మౌస్ మీ చేతిలోనే ఉండాలి. వాళ్లు నోటితో చెప్పాలి, మీరు నొక్కాలి. ‘ఇటివ్వండి సార్, నేను చేసేస్తాను’ అని వాళ్లు అందుకున్న క్షణాన మీ పాఠం ఆగిపోతుంది. వాళ్లకి మీరు కూడా నేర్పాల్సింది ఉంది. ఒక ఎంట్రీ చూడగానే ‘ఇది ఇక్కడ పడకూడదే’ అని మీకు తడుతుంది చూశారా, అది ఏ వీడియోలోనూ లేదు. ఇచ్చిపుచ్చుకోవడం ఉంటే అడగడానికి బిడియం ఉండదు.

సాయంత్రం వెళ్లేముందు ఆ రోజు నేర్చుకున్న ఒక్క పనిని, దశలవారీగా, స్క్రీన్ చూడకుండా నోట్‌బుక్‌లో రాయండి. మర్నాడు పొద్దున్న దాంతో సరిచూసుకోండి. కొన్నాళ్లకి ఆ నోట్‌బుక్‌ని మీ విభాగం వాళ్లే అడిగి తీసుకుంటారు. పని తెలిసిన మనిషి సొంత మాటల్లో రాసుకున్నది మా తయారీ కోర్సుల కన్నా మేలుగా ఉండటం నేను చూశాను.

ప్రశ్న: ఉద్యోగుల్లో ఎవరు చూసి నేర్చుకుంటారు, ఎవరు విని నేర్చుకుంటారు, ఎవరు చేసి నేర్చుకుంటారు అని సర్వే చేసి, ఒక్కొక్కరికీ వేరే కోర్సు ఇవ్వాలని మా యాజమాన్యం ఆలోచన. మంచిదేనా?

డబ్బు దండగ. పాష్లర్, మెక్‌డేనియల్, రోరర్, బ్యార్క్ అనే నలుగురు శాస్త్రవేత్తలు 2008లో ఈ సిద్ధాంతం మీద వచ్చిన పరిశోధనలన్నీ జల్లెడపట్టి, ఇలా విడదీసి బోధిస్తే మేలు జరుగుతుందనడానికి తగిన ఆధారం లేదని తేల్చారు. ఎలా నేర్పాలన్నది విషయాన్నిబట్టి ఉంటుంది. యంత్రం విప్పి బిగించడం ఎవరైనా చేతులతోనే నేర్చుకోవాలి, కస్టమర్ గొంతులో కోపం పసిగట్టడం ఎవరైనా వినే నేర్చుకోవాలి.

‘చదివింది 10 శాతం, విన్నది 20 శాతం గుర్తుంటుంది’ అనే త్రికోణం బొమ్మ కూడా ఎవరైనా చూపిస్తే నమ్మకండి. దానికి మూలమని చెప్పే, ఎడ్గర్ డేల్ అనే అమెరికన్ విద్యావేత్త 1946లో గీసిన శంకువు బొమ్మలో ఆ అంకెలు లేనే లేవు. తర్వాతివాళ్లెవరో తగిలించినవి. ఆ సర్వేకి పెట్టే డబ్బుతో ఒక ట్రైనింగ్ లాగిన్ తయారుచేయించండి.

ప్రశ్న: ఆన్‌లైన్ శిక్షణకి పెట్టిన ఖర్చు వల్ల లాభం ఏమిటని మా డైరెక్టర్ అడుగుతున్నారు. నా దగ్గర ఎంతమంది పూర్తిచేశారు, ఎంతమందికి నచ్చింది అన్న లెక్కలే ఉన్నాయి. ఏం చూపించాలి?
— మానవ వనరుల విభాగం అధికారి

డైరెక్టర్ గారు అడిగింది న్యాయమైన ప్రశ్న. డొనాల్డ్ కిర్క్‌ప్యాట్రిక్ అనే శిక్షణ రంగ నిపుణుడు 1959లో మొదలుపెట్టి రాసిన వ్యాసాల్లో శిక్షణని నాలుగు మెట్ల మీద కొలవమన్నారు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో తీరు మారిందా, సంస్థకి ఫలితం వచ్చిందా. మీ దగ్గరున్న ‘నచ్చింది’ మొదటి మెట్టు. ‘పూర్తిచేశారు’ అన్నదానికి ఆ మెట్లలో చోటే లేదు.

నాలుగో మెట్టు దాకా పరుగెత్తకండి. అమ్మకాలు పెరిగాయంటే ధర తగ్గినందుకో, సీజన్ వచ్చినందుకో కూడా పెరిగి ఉండొచ్చు. మూడో మెట్టు మీద నిలబడండి. శిక్షణ దేని గురించో ఆ పనిలో కళ్లకి కనిపించే ఒక్కదాన్ని ఎంచుకోండి. సగంలో తిప్పి పంపిన ఫారాలు ఎన్ని, హెల్ప్‌డెస్క్‌కి ఒకే ప్రశ్న ఎన్నిసార్లు వచ్చింది, కొత్తగా చేరిన మనిషి ఎవరి సాయం లేకుండా మొదటి ఆర్డర్ పూర్తిచేయడానికి ఎన్నాళ్లు పట్టింది, ఇలాంటివి. వీలైతే రెండు శాఖల్లో ఒకదానికి ముందు, రెండోదానికి నెల తర్వాత శిక్షణ ఇవ్వండి. ఆ నెలలో రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

కొన్నిచోట్ల కోర్సు కన్నా ఒక కాగితం ఎక్కువ పనిచేస్తుందన్న సంగతి కూడా డైరెక్టర్ గారికి చెప్పండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్ థియేటర్ల కోసం 19 అంశాల చెక్‌లిస్టు తయారుచేసింది. ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆసుపత్రుల్లో దాన్ని ప్రవేశపెట్టినప్పుడు శస్త్రచికిత్స తర్వాతి మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గినట్టు 2009లో ప్రచురించారు. అక్కడున్నవాళ్లంతా నిపుణులే, పని రానివాళ్లు కారు. పని జరిగే క్షణంలో, పని జరిగే చోట గుర్తుచేసేది ఒకటి కావాల్సి వచ్చింది. మీ కోర్సుల జాబితా ముందేసుకుని, వాటిలో ఏవి కంప్యూటర్ పక్కన అంటించే ఒక పేజీగా మారిపోతాయో చూడండి. అలా తీసేసిన ప్రతి కోర్సూ ఉద్యోగులకి తిరిగొచ్చిన సమయమే. దాన్ని కూడా లాభం కింద చూపించండి.

తర్వాతి కోర్సు ఎప్పుడో మీరు రాయలేదు. అది మొదలవకముందే, అంటే ఈ వారంలోనే, ఎంచుకున్న ఆ ఒక్క లెక్కా తీసి తేదీ వేసి పెట్టుకోండి. శిక్షణ మొదలయ్యాక ‘ముందు ఎలా ఉండేది?’ అన్న అంకె ఇక దొరకదు.